లాంతర్ క్లబ్బులో ఆగిన పాట

5-9-96, గురువారం, ఉదయం

చేతిరాత బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. చదివేవారు మన్నించాలి. చదివేవారు ఎవరూ లేరు, తెలుసు. అయినా కాగితం ముందు కూర్చుంటే నాకు ఇలా మొదలుపెట్టడమే వచ్చు. వీధిబడిలో అయిదో క్లాసుతో చదువు ఆపేశాను. ఆ తర్వాత రాసినవన్నీ ఉత్తరాలే.

ఈ డైరీ మా మనవరాలు నాగేశ్వరి ఇచ్చింది. ఎనిమిది నెలలు అయిపోయిన డైరీ. కాలేజీలో ఎవరో ఇస్తే తను ఒక్క పేజీ రాయలేదట. తాతయ్యా, నువ్వు రోజుకి నాలుగు మాటలు మాట్లాడతావు, మిగతావి ఎక్కడ దాస్తున్నావో ఇందులో పెట్టు అంది. నాలుగెక్కడివే, మూడే, కాఫీ కూడా అడగరు, నేనే ఇస్తాను అంది వాళ్ళమ్మ వంటింట్లోంచి. వాళ్ళమ్మ అంటే మా అమ్మాయి లీలాకుమారి.

నా పేరు బసవపున్నయ్య. అరవై ఆరేళ్ళు. మద్రాసులో ఇరవై ఒక్క ఏళ్ళు, ఇక్కడ ఫిల్మ్ నగర్‌లో పదమూడేళ్ళు సినిమాల్లో నాగ్రా వేశాను. నాగ్రా అంటే టేపు మిషను. పాట తీసేటప్పుడు పాట దాని మీద మోగుతుంది. ఎదురుగా హీరోయిన్ పెదాలు కదుపుతుంది. అసలు పాడినావిడ ఆ టైముకి వాళ్ళింట్లో వంట చేసుకుంటూ ఉంటుంది. నేను బటన్ మీద వేలు పెట్టుకుని పెదాలు చూస్తూ కూర్చోవాలి. పెదాలు తప్పితే టేపు ఆపాలి. వెనక్కి తిప్పాలి. వన్ మోర్ అన్నాక మళ్ళీ వెయ్యాలి.

గొప్ప చెప్పుకోకూడదు. కానీ ఒక మాట ఉండేది. బసవపున్నయ్య చెయ్యి డైరెక్టరు నోటి కంటే ముందు పోతుంది అని. కట్ అనే లోపే నేను ఆపేసేవాణ్ణి. ఫిల్మ్ మిగిలేది.

రెండేళ్ళయింది మానేసి. ఇవాళ్టికి ఇది చాలు.


7-9-96, శనివారం

నాగేశ్వరికి ఒక పాటల గ్రూపు ఉంది. ముగ్గురు మగపిల్లలు, తను. తను పాడుతుంది, అప్పుడప్పుడు గిటారు కూడా వాయిస్తుంది. గ్రూపు పేరు కరెంట్ ఆఫీస్. ఇదేం పేరమ్మా అంటే, ఎప్పుడు ఉంటామో ఎప్పుడు పోతామో ఎవరికీ తెలియదు తాతయ్యా అంది.

వచ్చే శనివారం జూబిలీ హిల్స్‌లో లాంతర్ క్లబ్బు అనే చోట వీళ్ళ ప్రోగ్రాం. మద్యనిషేధం వచ్చాక అక్కడ సీసాలు లేవు. కూల్‌డ్రింకు కోసం క్లబ్బుకి ఎవరొస్తారు? అందుకని మేనేజరు చలపతిరావు ఇలా కాలేజీ పిల్లల్ని పిలిచి వాయించమంటున్నాడట. బాగుంటే ప్రతి శనివారం వీళ్ళదే. బాగాలేకపోతే మళ్ళీ ముఖం చూపించొద్దన్నాడట.

లీలాకుమారి కాస్ట్యూములు కుడుతుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే కేకలేసింది. క్లబ్బా, మీ నాన్న రాజమండ్రి ఔట్‌డోర్ నుంచి రానీ, అప్పుడు చెప్తా నీ సంగతి అంది. నాన్నకి ఎస్టీడీ చేశాను, తోడు ఉంటే వెళ్ళమన్నారు అంది నాగేశ్వరి. తోడు ఎవరట అంది తల్లి. తాతయ్య అంది కూతురు. నన్ను ఎవరూ అడగలేదు. లీలాకుమారి సూదులు తీసి పక్కన పెట్టి మరీ నవ్వింది. ఆయనకే తోడు కావాలి, పెళ్ళిళ్ళకి వెళ్తే చెప్పుల దగ్గర నిలబడే మనిషి అంది.

నిజమే. కానీ వెళ్తానన్నాను. ఇవాళ్టి మాటల్లో అదొకటి.


9-9-96, సోమవారం

మేడ మీద రిహార్సలు. పక్క పోర్షన్ సత్యనారాయణమూర్తి గారు మెట్ల దగ్గరికి వచ్చి, ఏవండీ బసవపున్నయ్య గారూ, మేడ మీద బోరు వేయిస్తున్నారా, నీళ్ళు పడితే మాక్కూడా ఓ బిందె పంపండి అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను. పిల్లలు వినలేదు, అదృష్టం.

నేను నీళ్ళ ట్యాంకు నీడన కూర్చుని విన్నాను. ఇంగ్లీషు పాటలు. ఒక చోట నాగేశ్వరి గొంతు పక్కకి పోయింది. ఆగలేదు. ఇంకో చోట డ్రమ్ముల అబ్బాయి ముందుకి పరిగెత్తాడు. ఎవరూ ఆగలేదు. నా వేలు పంచె మీద రెండుసార్లు కదిలింది. అయిపోయాక చెప్పాను. తప్పు పోయిందమ్మా, మళ్ళీ వెయ్యండి అని.

తను నా పక్కన చతికిలబడి నా నీళ్ళ గ్లాసు తాగేసింది. స్టేజీ మీద మళ్ళీ ఉండదు తాతయ్యా, పోయింది పోయినట్టే, దాన్నీ కలుపుకుని పోవాలి అంది.

అదేం పనో నాకు అర్థం కాలేదు. తప్పుని కలుపుకుని పోవడం.

ఒక్క పాట మాత్రం ఇక్కడ పాడరట. తెలుగుదట. తను కట్టిందే. నీకు అక్కడే వినిపిస్తాను, ముందు వింటే మజా ఉండదు అంది.


11-9-96, బుధవారం

ట్యాంకరు రాలేదు. నాగేశ్వరి, నేను బిందెలు వరసలో పెట్టి రెండు గంటలు రోడ్డు మీద కూర్చున్నాం. తను ఎప్పటిలాగే బిందె మీద వేళ్ళతో ఏదో కొడుతూనే ఉంది.


13-9-96, శుక్రవారం

ఇవాళ క్లబ్బు చూపించింది. పైన పాలరాళ్ళ షాపు, కింద సెల్లారు. మెట్లు దిగాలి. పగలే లైట్లు. గోడలకి నల్ల రంగు. స్టేజీ అంటే రెండు బల్లలు కలిపి పైన తివాచీ వేశారు.

మైకులు, లైట్లు, బయట జనరేటరు, అన్నీ చూసుకునే మనిషి ఒక్కడే. పేరు రాములు. నలభై అయిదు ఉంటాయి. ఉండేది రహమత్ నగర్‌లో. నేను తలుపు దగ్గర నిలబడి ఉంటే లోపలికి రా పెద్దసారూ, గాడ నిలబడితే దోమలు గుంజుకపోతయి అన్నాడు. నాగేశ్వరి నా గురించి చెప్పింది. ఒక్కసారిగా రెండు చేతులూ పట్టుకున్నాడు. నాగ్రా ఏసెటోళ్ళా మీరు, షూటింగుల కాడ నేను సుత జనరేటర్ నడిపిన, మిషన్‌మీద మిమ్మల్ని దూరంకెల్లి సూసేటోణ్ణి అన్నాడు. నన్ను ఎవరైనా దూరం నుంచి చూశారంటే ఇన్నేళ్ళలో ఇదే వినడం.

అతని మిక్సరు చూపించాడు. రేడియో అంత పెట్టె, నిండా చిన్న చిన్న పిడులు. చివరిది పెద్దది. పైకీ కిందికీ జరుగుతుంది. దాన్ని మాస్టర్ అన్నాడు. మైకులన్నీ దాని కిందే. అది దించితే అందరి నోళ్ళూ మూసినట్టే.

టేపు ఎక్కడ పెడతారు అని అడిగాను. రాములు నవ్వాడు. టేపు ఏంది పెద్దసారూ, గీళ్ళ నోరే గీళ్ళకు టేపు అన్నాడు.


14-9-96, శనివారం, మధ్యాహ్నం

లీలాకుమారి నాకు సిల్కు జుబ్బా ఇస్తానంది. ఏదో సినిమాలో జమీందారుది. వద్దన్నాను. తెల్ల పొట్టిచేతుల చొక్కా వేసుకున్నాను. నాగేశ్వరి మాత్రం నల్ల కోటు వేసుకుంది. విలన్ చెల్లెలికి కుట్టిందట. బాగుంది.

ఆటో వచ్చింది.


14-9-96, రాత్రి

తప్పు నాది. రాయలేను.


15-9-96, ఆదివారం, తెల్లవారుజాము

నిద్ర లేదు. మూడుసార్లు లేచి నీళ్ళు తాగాను. లైటు వేస్తే లీలాకుమారి లేస్తుంది. గుమ్మంలో కూర్చుని వీధి దీపానికి రాస్తున్నాను.

సెల్లారు నిండా పిల్లలు. డెబ్భై, ఎనభై మంది. అందరూ నిలబడే ఉన్నారు. ఎక్కడ నిలబడాలో తెలియక గోడకి ఆనుకున్నాను. ఒకమ్మాయి వచ్చి హిందీలో ఏదో అడిగింది. తల ఊపాను. ఇంకేదో అడిగింది. మళ్ళీ ఊపాను. రాములు చూసి, వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన స్టూలు పక్కన ఇంకో స్టూలు వేశాడు. గీడ కూసో పెద్దసారూ, గిది నీ జాగ అన్నాడు. మిషను పక్కన కూర్చున్నాక నాకు ఊపిరి వచ్చింది.

ఏడున్నరకి కరెంటు పోయింది. రాములు జనరేటరు వేశాడు. వీళ్ళు మొదలుపెట్టారు.

మొదటి పాటకే నాకేదో అయింది. ముప్పై నాలుగేళ్ళు పాటలు వేశాను. పాడుతున్న మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. నాకు తెలిసిన పాటకి గొంతు ఒక చోట, నోరు ఇంకో చోట. ఇక్కడ నోరు తెరిస్తే అందులోంచే వస్తోంది. మెడ దగ్గర నరం ఉబ్బుతోంది. పాదానికీ పాదానికీ మధ్య తీసుకునే ఊపిరి మైకులో వినిపిస్తోంది. మేడ మీద కూడా విన్నాను కదా, అప్పుడు తెలియలేదు. ఇక్కడ అంతమంది వింటుంటే తెలిసింది. పెదాలు చూడ్డం నా పని. మా నాగేశ్వరి పెదాలు చూస్తూ కూర్చున్నాను. అసలు తప్పే పోవడం లేదు.

నాలుగు పాటలు అయ్యాయి. పిల్లలు ఊగుతున్నారు. మేనేజరు చలపతిరావు మెట్ల మీద నిలబడి కాలితో తాళం వేస్తున్నాడు. రాములు నా చెవి దగ్గర నోరు పెట్టి, డీజిల్ అయిపోవచ్చింది, పోసొస్త, రెండు నిమిషాలు, నువ్వు జర కూసో, ఏం ముట్టకు అన్నాడు. ముట్టనన్నాను.

అప్పుడు నాగేశ్వరి మైకులో చెప్పింది. ఇది తెలుగు పాట అని. కొందరు నవ్వారు. ఒకడు ఈల వేసి, అక్కా, బుర్రకథా అన్నాడు. కాదు తమ్ముడూ, నీళ్ళ కథ, మా తాతయ్యా నేనూ రోడ్డు మీద కూర్చుని కట్టాం అంది. నేను స్టూలు మీద ఇంకా చిన్నగా అయిపోయాను.

బిందె ఖాళీ, బకెట్టు ఖాళీ, గుట్ట మీద గొంతు ఖాళీ. అలా మొదలైంది. ఆ బిందె మీద వేళ్ళతో కొట్టిన దెబ్బే ఇది, ఇప్పుడు డ్రమ్ముల మీద. పై రోడ్డు బంగళాల్లో పచ్చిగడ్డికి నీళ్ళు కొడతారు, కింద మేము వరసలో కూర్చుంటాం, అలా వెళ్ళింది. వస్తుందా, ట్యాంకరొస్తుందా అని మాటిమాటికీ వస్తుంది. నవ్విన పిల్లలే కాళ్ళు తన్నడం మొదలుపెట్టారు. బుర్రకథా అన్నవాడు కూడా వస్తుందా అంటున్నాడు. మూడోసారి అందరూ కలిసి వస్తుందా అన్నారు.

ఆగిపోయింది.

గిటార్లు ఆగాయి. డ్రమ్ము ఆగింది. నాగేశ్వరి నోరు మూసుకుని ఎదురుగా చూస్తోంది. దూరంగా లారీ వస్తుందేమో చూసినట్టు.

పాట మధ్యలో పెదాలు ఆగాయి. నా చెయ్యి పోయింది. నేను పంపలేదు. అదే పోయింది. మాస్టర్ పిడి చివరి దాకా దించేసింది.

ఎనిమిది అంకెలు లెక్కపెట్టి నలుగురూ ఒక్కసారి అందుకున్నారు. ఆగడం తప్పు కాదు. నాగేశ్వరి పాటనే అలా కట్టింది. ట్యాంకరు కోసం చూసే చూపు అది. నాకు తెలియదు. గిటార్లకి వాళ్ళ స్పీకరు పెట్టెలు వాళ్ళకి ఉన్నాయి, అవి మోగాయి. డ్రమ్ము మోగింది. నాగేశ్వరి గొంతు మాత్రం లేదు. నోరు కదులుతోంది. మెడ నరం ఉబ్బుతోంది. శబ్దం లేదు. అచ్చం షూటింగులాగే.

మైక్ మైక్ అని అరిచారు. నేను పిడి పైకి జరిపితే అయిపోయేది. చెయ్యి కదల్లేదు. ఆపడం నాకు నేనుగా వచ్చు. మళ్ళీ వెయ్యడం ఎవరో చెబితేనే అలవాటు. ఎవరో వన్ మోర్ అంటారని చూశాను. దేవుడి సాక్షిగా, దాని కోసమే చూశాను.

నాగేశ్వరి చెయ్యెత్తింది. ముగ్గురూ ఆపారు. మైకు వదిలేసి బల్ల అంచుకి వచ్చి ఉత్త గొంతుతో పాడింది. వచ్చింది, వచ్చింది, సగం ట్యాంకరొచ్చింది అని. ముందు వరసల వాళ్ళు నోరు మూసుకున్నారు. వెనక వాళ్ళు ముందుకి వంగారు. మధ్యలో మిషను లేదు, వైరు లేదు. అలాంటిది నేను ఎప్పుడూ వినలేదు. నాలుగు పాదాలు పాడిందేమో.

రాములు డీజిల్ చేతులతో పరిగెత్తుకొచ్చాడు. పిడి చూశాడు. పైకి ఒక్క తోపు తోశాడు. వదిలేసిన మైకు స్పీకరు ముందు వేలాడుతోంది. కీచుమంది. ఇనప రేకు చీల్చినట్టు. అందరూ చెవులు మూసుకున్నారు. తర్వాత నవ్వారు. ఆ నవ్వుతో అయిపోయింది. పాట పూర్తి కాలేదు. లైట్లు వేసేశారు.

చలపతిరావు దిగి వచ్చి రాములు మీద పడ్డాడు. ఎక్కడ చచ్చావయ్యా, పెళ్ళిపందిట్లో మైకుసెట్టు అనుకున్నావా అన్నాడు. రాములు నా వైపు ఒక్కసారి చూశాడు. వైరు లూజైంది సార్, నేను డీజిల్‌కి పోయిన, నాదే తప్పు అన్నాడు.

నేను నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. నేల మీద ఎవరిదో కూల్‌డ్రింకు స్ట్రా ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఆటోలో నాగేశ్వరి నా భుజం మీద తల పెట్టుకుంది. ఏడ్చింది. ఆ మనిషి రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయాడు తాతయ్యా అంది.

ఊఁ అన్నాను.

ఆ ఊఁ ఇంకా గొంతులోనే ఉంది. తెల్లారిపోతోంది.


16-9-96, సోమవారం, వినాయక చవితి

పొద్దున్నే చలపతిరావు కింద ఉండే ఇంటి ఓనరు ఫోనుకి చేశాడు. నాగేశ్వరి కింది నుంచి రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది. పిల్లల తప్పేం లేదు, మిషను మనిషిని తీసేశాను, ఈ శనివారం ఇరవై ఒకటిన ఇంకొక్క ఛాన్సు ఇస్తాను, ఈసారి మీ వైపు నుంచి ఏం జరిగినా ఇంతే సంగతులు అన్నాడట. నాగేశ్వరి ఎగిరింది. తర్వాత, ఆ రాములు పాపం, పండగ పూట అంది.

లీలాకుమారి పూజ చేసింది. కథ చదివి అక్షింతలు వెయ్యమంది. అందరి తలల మీదా వేశాను. కథ విని అక్షింతలు వేసుకుంటే ఏడాదంతా నీలాపనిందలు రావు నాన్నా, నువ్వూ వేసుకో అంది. చెయ్యి తల దాకా వెళ్ళలేదు. నింద పడ్డవాడు రహమత్ నగర్‌లో ఉన్నాడు. ఈ అక్షింతలు అతని తల మీద పడాలి.

నా ఉండ్రాళ్ళు నాగేశ్వరి ప్లేటులోకి జరిపేశాను.

చెబితే, మీ ఇంటి మనిషే చెడగొట్టాడు కదా అని మేనేజరు శనివారం తీసేస్తాడు. అది నాగేశ్వరి తల మీద పడుతుంది. చెప్పకపోతే రాములు తల మీద ఉంటుంది. నా తల మీద మాత్రం ఏమీ లేదు. అందరూ నాకు కాఫీ ఇస్తున్నారు.


18-9-96, బుధవారం

ఇవాళ చెప్పేద్దామని వెళ్ళాను. నడిచే వెళ్ళాను. దారి పొడుగునా మాట కట్టుకున్నాను. అయ్యా, ఆ రోజు పిడి దించింది నేను. ఏడు మాటలు కూడా లేవు.

చలపతిరావు పైన పాలరాళ్ళ షాపులో కూర్చుని ఉన్నాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. రండి రండి, నాగేశ్వరి వాళ్ళ తాతగారు కదూ, ఎండన పడి వచ్చారు, ఏం కావాలండీ అన్నాడు.

మంచినీళ్ళు అన్నాను.

ఇచ్చారు. తాగాను. ఇంకో గ్లాసు ఇచ్చారు. అదీ తాగాను. వచ్చేశాను.


19-9-96, గురువారం

మేడ మీద రిహార్సలు. ఈసారి ఆ పాట కూడా పాడారు. మధ్యలో ఆగడం లేదు. వస్తుందా అన్న వెంటనే వచ్చింది అంటున్నారు. ఎందుకమ్మా తీసేశావు అని అడిగాను. ఆగితే మైకు పోయిందనుకుంటారు తాతయ్యా, భయమేస్తోంది, తీసేశాను అంది.

పాట టేపులాగా పోతోంది.


20-9-96, శుక్రవారం

రహమత్ నగర్ వెళ్ళాను. కృష్ణా నగర్ మీదుగా, యూసుఫ్‌గూడ దాటి. సందు సందుకీ వినాయకుడు, వినాయకుడు వినాయకుడికీ మైకు. రాములు ఇల్లు అడిగితే మైకు రాములా, జనరేటర్ రాములా అన్నారు. రెండూ ఒకడే అన్నాను.

అతను ఇంట్లో లేడు. పక్క గల్లీ మండపంలో మైకు పెట్టడానికి వెళ్ళాడు. భార్య అనసూయమ్మ బియ్యం ఏరుతోంది. నేను ఎవరో చెప్పాను. చేట కింద పెట్టింది. నువ్వేనా నాగ్రా సారువి, మా ఆయన నీ ముచ్చటే జెప్తడు, నాగ్రా సారు గిట్లుండె, నాగ్రా సారు గట్లుండె అని, ఆరు దినాలకు తొవ్వ దొరికిందా అంది.

నేను ఆరు దినాలు అన్నాను. ఆమె అన్నమాటే నేను మళ్ళీ అన్నాను.

రాములు వచ్చాడు. అరె పెద్దసారూ అని కుర్చీ తుడిచాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే రాదని నిలబడే చెప్పేశాను. పిడి నేను దించాను అని. ఈ అరవై ఆరేళ్ళలో ఒక్కరికి ఎదురుగా నిలబడి నా తప్పు చెప్పడం ఇదే.

రాములు తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకున్నాడు. నాకెరికే అన్నాడు. వైరు లూజైతె పిడి గట్ల కింద ఎందుకుంటది, సూడంగనే ఎరికైంది అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదయ్యా అన్నాను. గంతమందిల నీ పేరు జెప్తే నువ్వు గాడనే కూలవడుతుంటివి, నేనంటే దులుపుకొని పోత, ఫికర్ జెయ్యకు అన్నాడు.

దులుపుకుంటడట అంది అనసూయమ్మ. నిమజ్జనం దాకా గీ మైకులుంటయి, గణపతి నీళ్ళల్ల వడ్డంక ఏం దులుపుకుంటవో జెప్పు, ఇంట్ల సుత దులపనీకి ఏం లేదు అంది. రాములు ఊరుకోవే అన్నాడు. ఊరుకుంటనే ఉన్న, గీయన సుత ఊరుకునుడే, మీ ఇద్దరు మంచిగ దొరికిన్రు ఒగనికొకడు అంది. తర్వాత నా వైపు తిరిగి కాస్త గొంతు తగ్గించింది. నోటికి రాకుంటే చీటీ రాసియ్యి సారూ, చదువుకున్నోనివే గద అంది. నేను చదువుకున్నవాణ్ణని అన్నది ఈ లోకంలో ఆమె ఒక్కతే.

చాయ్ ఇచ్చింది. తాగాను.

వస్తుంటే రాములు సందు చివరి దాకా వచ్చాడు. పెద్దసారూ, ఒక ముచ్చట జెప్పాలె అన్నాడు. ఆ దినం అతను డీజిల్ పోసి ఉరికొచ్చేసరికి నాగేశ్వరి మైకు లేకుండా పాడుతోందట. మెట్ల మీదనే ఆగిన జరసేపు, కిందికి దిగబుద్ధి గాలేదు, గంతమంది పోరగాండ్లు సప్పుడు జెయ్యకుంట ఇన్నరు, గా పాట అట్ల ఆగుడే మంచిగుండె, మల్ల ఆగుతదా రేపు అని అడిగాడు.

లేదు, తీసేసింది అన్నాను.

రేపు ఆరింటికి క్లబ్బు బయటికి రాగలవా అని అడిగాను. రాములు ఎందుకని అడగలేదు. వస్త అన్నాడు.


21-9-96, శనివారం, మధ్యాహ్నం నాలుగు

నాగేశ్వరికి,

ఈ పుస్తకం నువ్వే ఇచ్చావు. పదిహేనో తేదీ పేజీ ముందు చదువు. మైకు ఆపింది రాములు కాదు.

నువ్వు తప్పు పాడలేదు. ఆగడం తీసెయ్యకు.

చలపతిరావు గారితో నేనే చెబుతాను. నువ్వు పక్కన నిలబడు, చాలు. శనివారాలు పోతే నా వల్లే పోతాయి, నన్నే తిట్టు. రాములు ఆరింటికి బయట ఉంటాడు. ఇవాళ నేను మిషను దగ్గర కూర్చోను. అందరి ముందూ, చేతులు కట్టుకుని నిలబడతాను.

నీ గిటారు పెట్టెలో తీగల పొట్లం కింద పెడుతున్నాను. అయిదింటికి ఎలాగూ తెరుస్తావు. కింద సగం పేజీ వదిలాను. నోటితో అడగకు, నేను తల దించేసుకుంటాను. ఇందులోనే రాయి.

తొందరగా రాయి. గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను.